చెయ్యి మార్పు

మా తూముకి నీళ్ళు పారే సొరంగాల్లాంటి ఖానాలు మూడు, వాటికి మూడు ఇనప షట్టర్లు. సముద్రం పాటు తీసినప్పుడు షట్టర్లెత్తి పొలాల నుంచి వచ్చే డ్రెయిన్ నీళ్ళు వదలాలి. పోటు వచ్చేటప్పుడు దించి ఉప్పునీళ్ళు ఆపాలి. నాగాయలంక దాటి చాలా దూరం వెళ్ళాక, మడచెట్లు మొదలయ్యే చోట ఉంది అది. ఆ షట్టర్లు ఎత్తి దించే లస్కర్లం ముగ్గురం. పిచ్చేశ్వరరావు బాబాయి, నేను, నా భార్య తమ్ముడు చిన్నారావు.

షట్టరు ఎత్తేది చేతిపిడితో. పిడి వెనక్కి తిరక్కుండా ఆపే కొక్కెం ఎప్పుడో అరిగిపోయింది. మధ్యలో చెయ్యి వదిలితే షట్టరు బరువుకి పిడి గిర్రున వెనక్కి తిరుగుతుంది. నాకు ముందు పనిచేసిన లస్కరుకి మోచెయ్యి అలాగే పోయింది. అందుకని మాకొక పద్ధతి ఉండేది. పిడి పట్టినవాడు చేతులు లాగేస్తున్నా, ముఖం మీద దోమ వాలినా, పైఆఫీసరు వచ్చి పిలిచినా వదలకూడదు. ఇంకొకడు వచ్చి అతని చేతి మీద తన చెయ్యి వేసి "నాది" అనాలి. అప్పుడు కింది చెయ్యి తియ్యాలి. దాన్ని చెయ్యి మార్పు అంటాం. నేను పనిలో చేరిన రోజు బాబాయి నోటితో చెప్పి నేర్పింది అదొక్కటే. మిగతావన్నీ చూసి నేర్చుకోమన్నాడు. నేను చూడటమే ఎక్కువ, మాట్లాడటం తక్కువ. అందుకని నాకు అది బాగానే కుదిరింది.

రెండువేల రెండులో నీటి సంఘం వాళ్ళు తూము గదిలో కంప్యూటరు పెట్టించారు. పెట్టినతను జయకృష్ణ. గుడివాడ కుర్రాడు. బందరులో చదువుకుని, గుడివాడ బస్టాండు దగ్గర చిన్న కొట్టు తెరిచాడు. ఆ ప్రోగ్రాం అతనే రాశాడు. నీళ్ళలోకి ఒక పొడవాటి గొట్టం దించి, దాన్నుంచి తీగ గదిలోకి లాగాడు.

"ఇదిగోండి పెద్దాయనా, పెద్ద అంకె సముద్రం వైపు నీళ్ళు. చిన్న అంకె డ్రెయిన్ వైపు. రెండూ సెంటీమీటర్లే. సముద్రం వైపు వంద దాటితే బయట గంట మోగుద్ది."

"మోగకపోతే?" అన్నాడు బాబాయి.

"మోగుద్దండీ."

"ఆ సంగతి సముద్రానికి చెప్పొచ్చావా అబ్బాయ్?" అన్నాడు చిన్నారావు. అందరం నవ్వాం. జయకృష్ణ కూడా నవ్వాడు.

తర్వాత అతను తెర పై మూలన వేలు పెట్టి చూపించాడు. "ఇక్కడ గుణకారం గుర్తుంది చూశారా? దాని జోలికి మాత్రం వెళ్ళొద్దు. అది నొక్కితే మొత్తం మూసుకుపోద్ది. గంటా ఉండదు, ఏమీ ఉండదు. మళ్ళీ నేను గుడివాడ నుంచి రావాలి."

"నొక్కంగానే మూసుకుపోద్దా?"

"నొక్కి వదలంగానే. ఒకటే జాగ్రత్త. పది నిమిషాలకోసారి ఈ మౌసు కాస్త కదుపుతుండండి, లేకపోతే తెర నల్లబడిద్ది."

బాబాయి ఆ మౌసుని తేలుని పట్టినట్టు రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. అప్పటికి ఆయన చేతులు కొంచెం వణికేవి. "ఇనప పిడైతే అరచేతి నిండా ఉంటుంది. ఇదేంట్రా, నలుసంత ఉంది" అన్నాడు. అయినా ఆ ఉద్యోగం ఆయనకే పడింది. పిడి తిప్పే ఓపిక తగ్గింది కదా, గదిలో కూర్చుని అంకె చూస్తాడులే అన్నారు.

అంతకుముందు తూము గోడ మీద నీటిమట్టం గీతలుండేవి. ఏడాదికోసారి నేనే రంగు వేసేవాణ్ణి. అన్నిటికంటే పైన ఉప్పెన గీత ఉండేది. కంప్యూటరు వచ్చాక గీతలకని రంగు డబ్బా ఇవ్వలేదు, నేనూ అడగలేదు. ఆ ఏడాదే గీతల మీద గుల్లలు పట్టేశాయి. ఏది అరవయ్యో ఏది తొంభయ్యో తెలియకుండా పోయింది.

మరుసటేడు ఆషాఢం. రెండో ఖానా షట్టరు అడుగున రబ్బరు చిరిగింది. పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీళ్ళు లోపలికి ఊరుతున్నాయి, లోపల నారుమళ్ళు పోసి ఉన్నాయి. రబ్బరు మార్చాలంటే సముద్రం వైపు నుంచి ఖానాలోకి దిగి, లోపల చీకట్లో షట్టరు దాకా నడవాలి. అమావాస్యకో పౌర్ణమికో పాటు బాగా తీసినప్పుడే అది కుదురుతుంది. మధ్యాహ్నం మూడింటికి నీళ్ళు బాగా అడుక్కి వెళ్తాయి. దానికి ముందు గంటన్నర, తర్వాత గంటన్నర. పనికి దొరికేది అంతే. నీళ్ళు నూట నలభైకి వస్తే ఖానా నోరు కప్పు దాకా మునిగిపోతుంది. వందకే గంట పెట్టింది అందుకే. గంట విని తీరిగ్గా నడిచి బయటికి రావచ్చు.

పౌర్ణమికి ఒకసారి దిగాం. నీళ్ళ రంగు నాకు నచ్చలేదు. గంట మోగకముందే చిన్నారావుని పైకి పిలిచేశాను. ఏమీ కాలేదు. నీళ్ళు నిదానంగానే వచ్చాయి. పని సగంలో ఆగింది. సంఘం ప్రెసిడెంటు నలుగురిలో "ఏమయ్యా గోవర్ధనం, కంప్యూటరు కంటే నీకే ఎక్కువ తెలుసా?" అన్నాడు. పదిహేను రోజులూ చిన్నారావు నన్ను "కంప్యూటరు బావ" అని పిలిచాడు.

అమావాస్య రోజు ఒంటిగంటన్నరకి మళ్ళీ దిగాడు. నడుముకి తాడు కట్టుకున్నాడు. రెండో కొస నా చేతిలో. సముద్రం వైపు పిట్టగోడ మీద నేను కూర్చున్నాను. మూడుసార్లు గుంజితే లాగమని గుర్తు.

"నిద్రపోకు బావా."

"దిగు."

"నిద్రపోయినా పర్లేదులే. గంట మోగితే ఇద్దరం లేస్తాం." అని నవ్వుకుంటూ ఇనప మెట్లు దిగి చీకట్లోకి వెళ్ళాడు. కాసేపటికి లోపల్నుంచి సుత్తి చప్పుడు మొదలైంది.

ఆషాఢంలో మాకు పడమటి గాలి తోలుతుంది. ఆ రోజు పొద్దుట్నుంచి గాలి లేదు. రెండున్నర దాటాక తూర్పు నుంచి మొదలైంది. మబ్బు లేదు, చినుకు లేదు. గాలి మాత్రం తడిగా ఉంది. మూడు దాటింది. ఎదురుగా బురద మీద పీతలు ఆడుతున్నాయి. చూస్తుండగానే ఒక్కొక్కటీ బొరియలోకి పోయి, బురద ఉండ లోపల్నుంచి తోసి నోరు మూసుకోవడం మొదలుపెట్టాయి. పోటు బురద మీదికి ఎక్కే ముందు అవి చేసే పని అది. ఇంకా గంటన్నర తర్వాత చెయ్యాల్సింది. కొంగలు లేచి డ్రెయిన్ వైపు వెళ్ళిపోయాయి. నురుగు తూము వైపు తిరిగింది.

గోడ వైపు చూశాను. గుల్లలు తప్ప గీత కనపడలేదు.

"చిన్నారావూ! నీళ్ళెంత?"

సుత్తి ఆగింది. "మోకాలి పైకి వచ్చాయి బావా. గంట మోగిందా?"

"లేదు."

"మరి మోగందే పిలుస్తావేం? ఇంకో ఐదు బోల్టులు. ఇప్పుడొస్తే మళ్ళీ పౌర్ణమే. నారుమళ్ళు నువ్వు కాపాడతావా?"

"గాలి మారింది."

"నీకు ప్రతిసారీ ఏదో ఒకటి మారుద్ది. వెళ్ళి అంకె చూసి రా పో, కంప్యూటరు బావా."

సుత్తి మళ్ళీ మొదలైంది. నేను తాడు కొసని పిట్టగోడ మీద ఇనప కమ్మీకి కట్టాను. రెండు ముళ్ళు వేశాను. రెండు నిమిషాల పని. గది నలభై అడుగుల దూరం.

తలుపు తీసేసరికి బాబాయి కుర్చీలో కొయ్యలా కూర్చుని ఉన్నాడు. ఎడం చేత్తో కుడి మణికట్టుని గట్టిగా పట్టుకున్నాడు. కుడిచెయ్యి మౌసు మీద. చొక్కా వీపంతా తడిసి ఉంది. పెదాలు తెల్లబడ్డాయి.

"వచ్చావా నాయనా! ఎంతసేపటి నుంచి అరుస్తున్నానో! గాలికి ఎవరికీ వినపళ్ళేదు."

"ఏమైంది?"

"తెర నల్లబడకుండా కదుపుతుంటే చెయ్యి వణికింది. ఆ గుణకారం గుర్తు నొక్కేశాను. నొక్కాక గుర్తొచ్చింది. వదల్లేదు. వదిలితే మూసుకుపోద్దిగా. గంట పోద్ది. కింద వాడున్నాడు. పట్టుకునే ఉన్నాను."

తెర మీద బాణం సరిగ్గా ఆ మూలనే ఉంది. గుర్తు లోపలికి నొక్కుకుని ఉంది. దాని కింద పెద్ద అంకె. 62.

అరవై రెండు. నాకు ప్రాణం లేచొచ్చింది. వందకి ఇంకా చాలా ఉంది. పీతలు పొరబడ్డాయేమో అనుకున్నాను. పౌర్ణమికి నేను పొరబడలేదా?

"పక్క గదిలో ఫోనుంది. గుడివాడ అబ్బాయికి చేసి, ఏం చెయ్యాలో అడగాలి. నేను వెళ్తే దీన్ని ఎవరు పట్టుకుంటారు? చెయ్యి మార్పు రా."

ఆయన వేలు గోరు దగ్గర నీలంగా మారింది. నేను వంగి, ఆయన చేతి మీద నా చెయ్యి వేశాను. ఆయన వేలి మీద నా వేలు పెట్టి నొక్కాను.

"నాది" అన్నాను.

బాబాయి వేలు కింది నుంచి జారింది. గుర్తు నొక్కుకునే ఉంది. ఇరవయ్యేళ్ళలో మేమిద్దరం చేసిన చెయ్యి మార్పుల్లో అంత జాగ్రత్తగా చేసింది ఇంకొకటి లేదు. ఆయన గోడ పట్టుకుని లేచి పక్క గదిలోకి వెళ్ళాడు.

కూర్చున్నాను. పక్క గదిలో ఫోను తిప్పుతున్న చప్పుడు, పెట్టేస్తున్న చప్పుడు, మళ్ళీ తిప్పుతున్న చప్పుడు. లైను దొరకడం లేదు. కిటికీలోంచి డ్రెయిన్ వైపే కనపడుతుంది, సముద్రం వైపు కనపడదు. నేను అంకె చూస్తూ కూర్చున్నాను.

62.

ఏడాదిగా అన్నం కారియరు పట్టుకుని ఈ గదిలోకి వచ్చిన ప్రతిసారీ ఆ అంకె చూశాను. అది ఎప్పుడూ నిలబడదు. అల వచ్చినప్పుడు ఒకటి ఎక్కుతుంది, పోయినప్పుడు ఒకటి దిగుతుంది. గాలి లేని రోజు కూడా, నిద్రపోయే కుక్క డొక్కలాగా, కదులుతూనే ఉంటుంది. ఇప్పుడు బయట తూర్పుగాలి వీస్తోంది. అంకె కదలడం లేదు.

తెర మీద ఆ అంకె అడుగున చిన్న అక్షరాల్లో టైము కూడా ఉంటుంది. జయకృష్ణ పెట్టిందే. రెండు యాభై ఒకటి అని ఉంది. గోడగడియారం చూశాను. నాలుగు కావడానికి పదిహేను నిమిషాలుంది.

నాకు అర్థమైంది. ఈ అరవై రెండు ఇప్పటిది కాదు. బాబాయి వేలు పడినప్పటిది. అప్పట్నుంచీ ఇది సముద్రాన్ని చూడటం లేదు.

అర్థమైంది, కానీ చెయ్యి రాలేదు. వదిలితే మూసుకుపోద్ది, గంట పోద్ది అన్న మాట చెవిలో ఉంది. చచ్చిన గంట కోసం నేను వేలు నొక్కి పెట్టుకుని కూర్చున్నాను. లేచి పరుగెత్తాలని కాళ్ళకి తెలుసు. చేతికి ఇరవయ్యేళ్ళుగా ఒక్కటే తెలుసు. "బాబాయ్!" అని అరిచాను. "రా! చెయ్యి వెయ్యి! ఇది ఆగిపోయింది!" ఆయన ఫోనులో అరుస్తున్నాడు. లైను దొరికింది. నా గొంతు ఆయనకి వినపడలేదు. ఎంతసేపో చెప్పలేను. రెండు నిమిషాలే కావచ్చు. ఐదు కూడా కావచ్చు.

అప్పుడు గోడవతల నుంచి బాబాయి కేక.

"వదిలెయ్యి రా! వదిలెయ్యమంటున్నాడు! పట్టుకున్నంతసేపూ అది చూడదంట! బాణాన్ని పక్కకి జరిపి వదిలెయ్యి, మూసుకోదంట!"

బాణాన్ని పక్కకి జరిపాను. వేలు తీశాను.

మూసుకోలేదు. అరవై రెండు ఒక్కసారిగా నూట నలభై ఏడైంది. మధ్యలో ఏ అంకే లేదు. బయట గంట మోగింది.

పరుగెత్తాను. నీళ్ళు ఖానా నోటి పైకి వచ్చి, కప్పు రాయి మీద సుడి తిరుగుతున్నాయి. సుత్తి చప్పుడు లేదు. ముళ్ళు విప్పే ఓపిక లేక, కమ్మీ అవతలే తాడు అందుకుని లాగాను. బరువుగా వస్తుందనుకుని కాలు పిట్టగోడకి తన్ని పట్టాను. తేలిగ్గా వచ్చింది. వెనక్కి పడ్డాను. కొసన నడుముకి కట్టుకున్న ఉచ్చు అలాగే ఉంది, లోపల మనిషి లేడు. ఉచ్చులోంచి జారి ఈదబోయినట్టున్నాడు.

గంట మోగుతూనే ఉంది. బాబాయి, నేను పిడి పట్టి రెండో షట్టరు ఎత్తాం. ఉప్పునీళ్ళు నారుమళ్ళలోకి పోతే పోనీ అనుకున్నాం. డ్రెయిన్ వైపు తేలతాడని చూశాం. తేలలేదు. రెండో రోజు పొద్దున మడ వేళ్ళ మధ్య దొరికాడు. జేబులో బోల్టు ఒకటి ఉంది. నాలుగు బిగించేశాడు.

ఆ సాయంత్రం నేను తాడు విప్పడానికి వెళ్ళినప్పుడు కమ్మీని చూశాను. దానికి వేసవిలో వేసిన ఆకుపచ్చ రంగు, తాడు ఒరుసుకున్న చోట ఊడిపోయి ఇనుము మెరుస్తోంది. నేను లాగింది కమ్మీ అవతలే కదా. కమ్మీ మీద తాడు ఒరుసుకుందంటే అది లోపల్నుంచి వాడు గుంజిందే. మూడుసార్లు గుంజితే అంత రంగు ఊడదు.

పదో రోజు చిన్నారావు భార్య కుసుమ నన్ను ఒక్క మాట అడిగింది.

"తాడు నువ్వే పట్టుకున్నావా అన్నయ్యా?"

"కట్టాను" అన్నాను.

ఆ అమ్మాయి లోపలికి వెళ్ళిపోయింది. ఇప్పటికీ ఇంకేమీ అడగలేదు.

పన్నెండో రోజు జయకృష్ణ వచ్చాడు. మనిషి సగమయ్యాడు. బాబాయి ఆ రోజు నుంచి తూము మెట్లెక్కలేదు, అందుకని గదిలో మేమిద్దరమే. అతను చాలాసేపు కంప్యూటరు ముందు టకటకలాడించి, ఆఖరికి కుర్చీ నా వైపు తిప్పాడు.

"నాదే తప్పు మావయ్యా. ప్రోగ్రాంలో చూసే పని, చూపించే పని రెండూ ఒకడికే అప్పజెప్పాను. ఆ మూల బటన్ని ఎవరైనా నొక్కి పట్టుకుంటే, వాడు వదిలేదాకా విండోస్ ఆ వేలినే కనిపెట్టుకుని కూర్చుంటుంది. నా ప్రోగ్రాంకి వంతు రాదు. నీళ్ళు చదవదు, గంట కొట్టదు. అంతసేపు ఎవరైనా పట్టుకుంటారని నేను అనుకోలేదు. మా ఊళ్ళో ఎవరూ పట్టుకోరు. నొక్కుతారు, వదిలేస్తారు."

నేను తెర మూలన ఆ గుర్తుని చూస్తున్నాను.

"ఇప్పుడు ప్రోగ్రాంలోనే ఇద్దర్ని పెట్టాను. నీళ్ళు చూసి గంట కొట్టేవాడు వేరే. వాడికి తెర మీది ఈ అంకెల కిటికీతో పని లేదు. మూసినా వాడు పని చేస్తూనే ఉంటాడు. అంకె చూపించేవాడు కూడా ఇప్పుడు ఆగడు. నమ్మకపోతే మీరే నొక్కి పట్టుకుని చూడండి."

కూర్చున్నాను. బాణాన్ని ఆ మూలకి తీసుకెళ్ళి నొక్కాను. గుర్తు లోపలికి దిగింది.

71. 72. 70. 71.

అంకె కదులుతోంది. నా వేలు కింద బటన్ బిగుసుకుని ఉంది, అంకె మాత్రం అలతోపాటు ఊగుతోంది. కింద టైము కూడా నడుస్తోంది.

"చూశారా?" అన్నాడు జయకృష్ణ.

"ఊఁ."

73. 72. 74. పోటు మొదలైనట్టుంది. కిటికీలోంచి డ్రెయిన్ కనపడుతోంది. తలుపు తెరిచే ఉంది, నలభై అడుగుల అవతల కమ్మీ. దాని మీద కొత్త రంగు ఇంకా వెయ్యలేదు.

"చాలు మావయ్యా. వదిలెయ్యండి. పక్కకి జరిపి వదిలెయ్యండి."

76. 75. 77.

"మావయ్యా."

అతని మాట వినపడుతోంది. నా వేలు గోరు దగ్గర తెల్లబడి, తర్వాత నీలం తిరగడం నేను చూస్తూనే ఉన్నాను. అతను రెండోసారి పిలిచాడు, మూడోసారి పిలిచాడు. తర్వాత కుర్చీలోంచి లేచి, నా భుజం పక్కగా వంగి, ఏం చెయ్యాలో తెలియక, నా చేతి మీద చెయ్యి వేశాడు.

అప్పుడు వదిలాను.